బోర్డు మీది రాగి గీత

సోమవారం రాత్రి.

మనవరాలు రవళి కాలేజీ ప్రాజెక్టుకు చేసుకున్న సర్క్యూట్ బోర్డు మీద సన్నటి రాగి గీత నల్లబడిందని, పొద్దున చింతపండు, పీచు పెట్టి చెంబు తోమినట్టు తోమాను. ఒకచోట అంచు లేచిపోయింది.

"గీత వెడల్పు అంతటా ఒక్కతీరుండాలె బాపమ్మా. సన్నబడ్డ కాడ ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కు తగిలే అడ్డు, మారుతది, సిగ్నల్ కొంత ఎనుకకే మల్లుతది" అంది. తిట్టలేదు.

"మీ సారుకు నేనే చెప్త బిడ్డా" అన్నాను.

"ఏమని చెప్తవ్? చెంబనుకున్ననంటవా?" అని నవ్వింది.

రేపే చూపించాలి. కొత్తది చేయాలంటే వారం పడుతుందట. మార్కులు పోతాయేమో, దాంతో ఉద్యోగమూ రాదేమో. అడగకుండా ఎందుకు ముట్టుకున్నానో...

తానే కింద పడేశానని సారుకు చెప్తుందట. ఇంతవరకు ఒక్క గ్లాసు కూడా జారవిడవని పిల్ల.