పెట్టెలో ఖాళీలు

జనవరి 6

నా నేస్తం గుండుసూదికి పంపాలని కట్టిన పెట్టెను పోస్టాఫీసు కళ్లజోడు గుమాస్తా మళ్లీ తిప్పి పంపాడు. ఆయన పద్ధతి ఒకటే. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. గలగలమంటే తీసుకోడు. కొండల మీదికి పోయే సామాను లారీల్లో దొర్లి దొర్లి పిండైపోతుందట, ఖాళీలు నింపుకుని రమ్మన్నాడు. పుచ్చకాయ కొనేవాడు కూడా అంతసేపు వినడు.

షాపుకొచ్చి నేల మీది కత్తిరింపు ముక్కలన్నీ ఎత్తి సందుల్లో కూరాను. సబ్బుల మధ్య, బిస్కెట్ల మధ్య, లిప్ బామ్ డబ్బా చుట్టూ, ఊలు మేజోళ్ల లోపల. దర్జీ షాపులో గుడ్డపీలికలకేం కరువు. ఈసారి పెట్టె కిక్కురుమనలేదు. గుమాస్తా ముఖంలో చిన్న నిరాశ.

జనవరి 7

దాని అసలు పేరు స్కూలు రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. గుండుసూది అని పెట్టింది మా దర్జీ మాస్టారు. పదిహేనేళ్ల వయసులో ఇద్దరం ఒకే వారం ఈ షాపులో పనికి చేరాం. అది పుల్లలా ఉండేది, పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులు, నోరు తెరిస్తే అంతకన్నా పదునైన మాట. నేను గుండ్రంగా ఉంటానని గుండీ అయ్యాను. ఇప్పుడు ఇంకా గుండ్రమయ్యాను గానీ, ఆ పేరుతో పిలిచే ధైర్యం మా ఆయనకు కూడా లేదు.

సాయంత్రం ఊడ్చే ముందు ఒక ఆట ఉండేది. నేల మీది ముక్క ఒకటి తీసి అది ఎవరి బట్టో చెప్పాలి. ఓడినవాళ్లు ఊడ్వాలి. మూడేళ్లు నేనే ఊడ్చాను. అది కళ్లు మూసుకుని వేళ్ల మధ్య నలిపి, హెడ్మాస్టరు ప్యాంటు, బేకరీ ఆయన ఏప్రన్, ఫలానా పెళ్లికూతురి గౌను అంచు అని చెప్పేసేది. ఒకసారి మాస్టారు దాన్ని ఓడిద్దామని తన సొంత జేబురుమాలు చింపి పడేశాడు. అది వాసన చూసి, మాస్టారూ నస్యం మానేయండి అంది. ఆయన నవ్వి నవ్వి దగ్గి, ఆ పూట తనే చీపురు పట్టుకున్నాడు.

ఎంత బాగుండేదో. జీతం ఏడుపు, టీ ఒక్క గ్లాసు, ఇద్దరికీ ఒకే గొడుగు. మధ్యాహ్నం కరెంటు పోతే పీలికల కుప్ప మీదే పడి నిద్రపోయేవాళ్లం.

మాస్టారు పోయాక షాపు నేను తీసుకున్నాను. అది మిలిటరీలో లారీ డ్రైవరుగా చేరింది. సూది దారం ఎక్కించినంత తేలిగ్గా లారీని ఇరుకు సందులోంచి వెనక్కి తీస్తుందట, అక్కడి వాళ్లే చెప్పుకుంటారట. ఇప్పుడు సరిహద్దు పోస్టులకు సామాను మోస్తోంది. దాని మిషన్ మీద దుప్పటి కప్పి ఉంచాను. అమ్ముతావా అని అడిగినవాళ్లకు టీ ఇచ్చి పంపేస్తాను.

జనవరి 21, ఆదివారం

ఫోన్. దాని గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. పెట్టె అందింది. బిస్కెట్లు పక్క మంచాల వాళ్లు ఊదేశారట. అందుకు దానికేం బాధ లేదు. ఆ పీలికలున్నాయి చూడూ, అవన్నీ దుప్పటి మీద పరిచి ఒక్కతే ఆట ఆడుకుందట. స్కూలు యూనిఫాం గళ్లు మార్చారేమే అంది. మంగలాయన ఎట్టకేలకు కర్టెన్లు మార్చాడన్నమాట అంది. ఎవరికో ఖరీదైన లేసు పెట్టావు, పెళ్లెవరిది అని అడిగింది.

అన్నీ కరెక్టే. ఊళ్లో సంగతులు నేను ఒక్క ముక్క చెప్పలేదు, ముక్కలే చెప్పాయి. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

ఫిబ్రవరి 4

ఇప్పుడు సబ్బులూ మేజోళ్లూ సాకు. పీలికలే సరుకు. మంచివి ఏరి గంపలో దాస్తున్నాను. సర్కస్ వాళ్ల జిగేలు గుడ్డ ఒకటి దొరికింది. చస్తే చెప్పలేదు ఇది.

ఫిబ్రవరి 12

పిన్ని వచ్చింది. గుండుసూది వాళ్లమ్మ. నాకు చుట్టమేం కాదు, కానీ చిన్నప్పట్నుంచీ పిన్నీ అనే పిలుపు. బస్టాండులో టికెట్ కౌంటరు ఆమెది. తలెత్తకుండా ఎక్కడికి అని అడిగి, చెప్పేలోపు టికెట్ చింపి ఇచ్చే మనిషి.

ఆపరేషనై మూడు నెలలు. కడుపులో గడ్డ. ఇంకా మందు ఎక్కిస్తున్నారు. మొదటి రోజే నా చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది, దానికి చెప్పకూడదని. చెబితే ఏమవుతుందో నాకూ తెలుసు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో అది తోలే లారీ. స్టీరింగ్ మీద చేతులుండి మనసు ఇక్కడుంటే ఒక్క మలుపు చాలు. చెప్పకపోతే? అది వచ్చేసరికి పిన్ని ఉంటుందో ఉండదో డాక్టరే మాట దాటేస్తున్నాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే నేనే.

ఆరు డ్యూటీ చొక్కాలు తెచ్చింది. బూడిద రంగు, అంచున నీలం పట్టీ. వెళ్లేముందు గుండుసూది కుట్టిచ్చినవే. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక పూటసేపు కౌంటరుకు పోతానంటోంది, చొక్కాలేమో గోనెసంచుల్లా వేలాడుతున్నాయి. టేపు చుట్టాను. చేతిలో ఎంత మిగిలిపోయిందో రాయబుద్ధి కావడం లేదు.

లోపలికి మడిచి కుడతాను, బట్ట అలాగే ఉంటుంది, మళ్లీ విప్పుకోవచ్చు అన్నాను. వద్దంది. మడతలు డొక్కలో గుచ్చుకుంటాయంది. తర్వాత మామూలుగా అంది.

"కత్తిరించెయ్యవే. మళ్లీ ఒళ్లు చేసే రోజులా ఇవి."

కత్తిరించాను. కత్తెర ఎప్పుడూ అంత బరువుగా అనిపించలేదు.

తర్వాత అక్కడే కూర్చుని నాతో పెట్టె సర్దింది. చేతులు ఊరుకోవు ఆమెకు. నేను సూదులూ దారపుండలూ పెడుతుంటే ఆమె సందులు నింపింది. చిన్నప్పుడు దాని ఆటలన్నీ మంచం కిందేననీ, తిట్టబోతే తనకే బొమ్మ ఇచ్చి నోరు మూయించేదనీ చెప్పుకుంటూ పోయింది. చాన్నాళ్లకు నవ్వింది. నేను పెట్టెకు టేపు వేశాను.

ఫిబ్రవరి 13

గుమాస్తా ఊపాడు. చప్పుడు లేదు. ముద్ర వేశాడు.

మార్చి 3, ఆదివారం



ఫోన్ వచ్చింది. బాగున్నావా లేదు, ఏం లేదు.

"గుండీ, అమ్మ చొక్కాలు ఎవరు చిన్నవి చేశారే?"

ఏ చొక్కాలు అన్నాను, దొంగపిల్లిలా. ఆ బూడిద రంగు పీలికల మీద పాత కుట్టు ఇంకా ఉందట. తను వేసిన కుట్టు. నా కుట్టు నేను గుర్తుపట్టనా అంది. రెండు వైపులా రెండేసి వేళ్ల వెడల్పు తీశావు, ఆరు చొక్కాలకూ అంది. ఇంకేం దాచను? ఆపరేషనూ మందులూ డాక్టరు మాటా అన్నీ చెప్పేశాను. ఒట్టు గాలికి పోయింది.

దాచినందుకు తిడుతుందని చూశాను. అది వేరే దానికి తిట్టింది.

"ఎందుకు కత్తిరించావే? మడిచి కుట్టి వదిలెయ్యొచ్చుగా. రేపు ఒళ్లు చేస్తే ఏం విప్పుతావు?"

లీవు అడుగుతానంది. బదులు డ్రైవరు వస్తేగానీ వదలరంది. ఈలోగా తనకు తెలిసిన సంగతి అమ్మకు చెప్పొద్దంది, చెబితే ఆ మనిషి అక్కడ కుమిలిపోతుందంది. అంటే మొన్నటిదాకా తల్లి కోసం కూతురి దగ్గర నటించాను, ఇప్పుడు కూతురి కోసం తల్లి దగ్గర నటించాలి. సినిమాల్లో చేరినా బాగుపడేదాన్ని.

ఏ పీలికలు పోతున్నాయో ఒక్కసారి చూసుకుని ఉంటే. ఇరవై ఏళ్లు ఊడ్చిన నేలే. కళ్లు పెట్టి చూడలేదు.

మార్చి 5

పిన్ని కౌంటరు దగ్గర ఆగాను. పెట్టె అందిందట కదా, ఏమంది అని అడిగింది. సబ్బు వాసన బాగుందంది అన్నాను. అంతేనా అంది. అంతే అన్నాను. ముఖం చిన్నబోయింది. సబ్బు బాగుందంటే ముఖం చిన్నబోవడం ఏమిటో నాకర్థం కాలేదు.

మార్చి 10, ఆదివారం

ఫోన్ రాలేదు.

మార్చి 17, ఆదివారం

రాలేదు.

మా ఆయన సిగ్నల్ ఉండదంటాడు. ఏదో దారిలో కొండచరియలు విరిగిపడ్డాయని వార్తల్లో చెప్పారు, ఏ దారో చెప్పలేదు. నేను చెప్పిన మాటలు నెత్తిన పెట్టుకుని అది ఆ మలుపుల్లో తిరుగుతోంది. దానికేమైనా అయితే పిన్ని ముందు ఏ ముఖంతో నిలబడను?

పని చేతికి రావడం లేదు. ఇవాళ ఒకాయన ప్యాంటుకు రెండు కాళ్లూ కలిపి కుట్టేశాను.

మార్చి 19, మధ్యాహ్నం

పిన్ని మళ్లీ చొక్కాలు తెచ్చింది. మళ్లీ వదులు. ఇంకో వేలు తియ్యమంది.

ఈసారి కత్తిరించను అన్నాను. తన బట్టలు తన ఇష్టమంది. నా కత్తెర నా ఇష్టమన్నాను. గొంతు పెరిగింది. నా కొలతల్లో నీ మొండితనమేమిటే అంది. ఉక్రోషంలో నా నోరు జారింది. కత్తిరిస్తే మీ కూతురు నన్ను చంపుతుంది పిన్నీ అన్నాను.

అనేశాక గోడకు అతుక్కుపోయాను.

పిన్ని మెల్లగా గుండుసూది మిషన్ ముందున్న స్టూలు మీద కూర్చుంది. చూసిందా అని అడిగింది. ఏమిటి చూసేది అన్నాను.

"పీలికలు. నేనే ఏరి పెట్టాను. నీకు కనబడకుండా మేజోళ్లలో కూరాను."

తర్వాత తలవంచుకుని చెప్పింది, టికెట్లిచ్చే గొంతుతోనే. నోటితో రమ్మంటే అది లారీ అక్కడే వదిలి పరిగెత్తుకొస్తుందట, లేకపోతే పరధ్యానంలో లోయలోకి తోలుతుందట. చెప్పకుండా పోతే బతికినంత కాలం తల్లిని క్షమించదట. ఎటూ తేల్చుకోలేక ఆ పీలికలకు వదిలేసిందట. కనిపెడితే కనిపెడుతుంది, లేకపోతే రాసిపెట్టి లేదనుకుందట. చూడాలని ఉందే, అంది. అంతే అంది.

ఇన్నాళ్లు నా తప్పని ఏడ్చింది ఇందుకా. కోపం రావాలి. రాలేదు. పక్కనే నేల మీద కూర్చుని ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను. అది ఏడ్చిందా అని అడిగింది. లేదు, బట్ట కత్తిరించినందుకు నన్ను తిట్టింది అన్నాను. పిన్ని పడీ పడీ నవ్వి, నొప్పి పుట్టి కడుపు పట్టుకుంది.

కానీ రెండు ఆదివారాలుగా ఫోన్ లేదన్న సంగతి ఆమెకూ తెలుసు. నవ్వాగాక ఇద్దరం దాని మాటెత్తలేదు.

చొక్కాలు మడిచి కుట్టాను. ఒక్క దారప్పోగు తీసెయ్యలేదు.

మార్చి 24, ఆదివారం

ఫోన్ లేదు. పిన్ని పొద్దుణ్నుంచీ షాపులోనే కూర్చుంది. ఫోన్ బల్ల మీద పెట్టి ఇద్దరం దాన్నే చూస్తూ కాజాలు కుట్టాం. ఆమెకు కాజాలు రావు. అన్నీ విప్పాలి రేపు.

మార్చి 26

గుమాస్తా తనే షాపుకొచ్చాడు. రెండు వారాలు మూసిన కొండదారి తెరిచారట, ఆగిపోయిన టపా కిందికి దిగుతోందట, నీ వాళ్లెవరో అటే కదా అన్నాడు. దారి మూసుకుపోతే ఫోనులుండవని కూడా చెప్పాడు. ఆ మనిషికి కాఫీ ఇచ్చాను. కప్పు ఊపి తాగాడు, అలవాటు.

ఏప్రిల్ 2

మధ్యాహ్నం పిన్నికి మందుబిళ్లలు ఇద్దామని బస్టాండుకు పోయాను. కౌంటరు ముందు పొడుగాటి వరస. ముందు నిలబడ్డ మనిషి వీపు తెలిసిన వీపు. మురికి కోటు, భుజాన సంచి, ఎండకు కమిలిన మెడ.

పిన్ని తలెత్తలేదు. "ఎక్కడికి?" అంది.

గుండుసూదికి నోరు పెగల్లేదు. అంత పదునైన మాటలదానికి. వెనకవాళ్లు తొందరపెడుతున్నారు. పిన్ని మళ్లీ అడిగింది.

నేనే చెప్పాను.

"ఎక్కడికీ కాదు పిన్నీ. వచ్చేసింది."