అమ్మ రేకు డబ్బాలోని తూటాలు

మోంటానా, వేట విడిది
అక్టోబరు 19

నాన్నా,

ఇక్కడ మంచు పడుతోంది, నేను వెచ్చగానే ఉన్నాను. నువ్వు ఇంట్లో తుపాకి మందు కూరి ఇచ్చిన తూటాలు నిన్న రెండు వందల గజాల నుంచి కాలిస్తే గురి కాగితమంతా చెదిరాయి. "మీ నాన్న చెయ్యి వణుకుతోందే పిల్లా, ఇకనైనా కొట్లో కొనుక్కో" అని ఓరిన్ బాబాయి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. మూడు తూటాలు విప్పి బాబాయి త్రాసులోనే మందు తూచాను. రవ్వంత తేడా లేదు.

అప్పుడు, కాల్చాక మిగిలిన ఖాళీ ఇత్తడి గొట్టాల అడుగున కంపెనీ ముద్రలు చూశాను. సగం నీవి. సగం, అమ్మ తను కాల్చిన గొట్టాలు దాచుకున్న, ఆమె పోయాక మనం ముట్టని ఆ రేకు డబ్బాలోవి. అమ్మవి దళసరి గొట్టాలు కదా, లోపల చోటు తక్కువై అదే మందుకు గుండు విసురుగా పోయి పైన తగులుతుంది. వేరు చేసి కాల్చాను. నీవన్నీ ఒకచోట, అమ్మవన్నీ వాటికి నాలుగు వేళ్ల ఎత్తున ఒకచోట. మీరిద్దరూ పొగమంచులో పక్కపక్కన నిలబడి కాల్చినట్టుంది.

కుక్క కుంటు తగ్గిందా? పొయ్యి గొట్టం దులిపించు. దుప్పి మాంసానికి ఉప్పు తెచ్చి ఉంచు.

ఏదో పొరపాటున కలిపేశావని బాబాయితో చెప్పాను. ఎందుకు కలిపావో నేను మాత్రం అడగనులే. ఆ కాగితం మడత పడకుండా నీకు తెస్తున్నాను.

నీ మార్లిస్