ఉన్నదున్నట్టు వినిపించే హెడ్‌ఫోన్స్

ఫిబ్రవరి 2

తీర్మానం! (ఎర్ర ఇంకుతో రాస్తున్నాను, తేలిగ్గా తీసుకోకుండా.)

హెడ్‌ఫోన్స్ కొంటున్నాను. మామూలువి కాదు, న్యూట్రల్‌వి. అంటే బేస్ పెంచవు, గొంతుకి మెరుగు పెట్టవు. ఉన్నది ఉన్నట్టు చెవిలో వేస్తాయి.

బడ్జెట్: పదిహేను వేలు. పైన ఒక్క రూపాయి కూడా కాదు.
గడువు: వారం.

కారణం కూడా రాసుకోవాలి. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఏ ఫంక్షన్ అయినా సౌండ్ సెట్టు మనదే. గిరీష్ సౌండ్స్ అంటే చిల్లకల్లు దాకా కిటికీలు అదురుతాయి. మైకు టెస్టింగ్ అయ్యాక ప్రతిచోటా ఒక పాట నేనే పాడతాను. (పెద్దకర్మల్లో కాదు. ఒకసారి పాడాను, మళ్ళీ పాడలేదు.) జనం చప్పట్లు కొడతారు. కొట్టనిది ఒక్క మా మామగారే.

సీతారామాంజనేయులు గారు. నందిగామలో బట్టల కొట్టు నడిపి కొడుక్కి అప్పగించారు. సంగీతం తెలిసిన మనిషి. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన ముందు పాడుతూనే ఉన్నాను. కళ్ళు మూసుకుని వింటారు. ‘బాగుంది’ అన్న మాట మాత్రం రాలేదు. వచ్చే నెల ఒకటిన నందిగామలో ఆయన సహస్ర చంద్ర దర్శనం. ఒక పాట శ్రద్ధగా రికార్డు చేసి హాల్లో వినిపిస్తాను. ఈసారి ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి రావాల్సిందే!

హెడ్‌ఫోన్స్ సలహా మా బావమరిది కూతురు సింధూరది. హైదరాబాద్‌లో సౌండ్ ఇంజనీరింగ్ చదువుతోంది. “మావయ్యా, మీరు ఎకో ఫుల్లు పెట్టి పాడతారు, బేస్ ఫుల్లు పెట్టి వింటారు. అసలు పాటెలా ఉందో మీకే తెలీట్లేదు. న్యూట్రల్‌వి కొనుక్కోండి” అంది. తెలివైన పిల్ల.

పదిహేను వేలే ఎందుకంటే, మూఢం. పెళ్ళిళ్ళు లేవు. బాక్సులు గోడౌన్‌లో నిద్రపోతున్నాయి.

ఫిబ్రవరి 4

గ్రాఫులు చదవడం వచ్చేసింది! గీత ఎంత చదునుగా ఉంటే హెడ్‌ఫోన్స్ అంత న్యూట్రల్. పొద్దుట్నించీ గీతలే చూస్తున్నాను. మా ఆవిడ మనోజ్ఞ కాఫీ పెట్టి, వెనకనుంచి తొంగిచూసింది.

“ఎవరిదండీ ఈసీజీ? గీత చదునుగా ఉంది, పోయారా?”

ఇంకో సంగతి. మంచి వాటికి వెనకవైపు మూత ఉండదట, జల్లెడలా ఉంటుందట. లోపలి పాట పక్కవాళ్ళకీ వినిపిస్తుందట. డబ్బులిచ్చి మరీ కారే బిందె కొనడం ఏమిటో! కానీ నెట్‌లో పెద్దలందరూ అదే చెప్తున్నారు. సరేనన్నాను.

ఫిబ్రవరి 7

ఫంక్షన్ హాలు చూడ్డానికి నందిగామ వెళ్ళి, పనిలో పనిగా రత్నబాబు మొబైల్ షాపులో దూరాను.

“న్యూట్రల్ హెడ్‌ఫోన్స్ ఉన్నాయా?”

“అయ్యి మనకాడ పోవండీ. ఇది చూడండి, బేస్ కొడితే గుండె అదురుద్ది.”

“నాకు బేస్ వద్దు.”

రత్నబాబు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. “మీరేనాండీ ఈ మాటంటుంది? పోయినేడు ఊరేగింపులో మీ బాక్సులకే గదండీ మా షాపు అద్దం పగిలింది!”

పగిలింది నిజమే. అప్పుడు గర్వంగా కూడా అనిపించింది. వెధవ అలవాట్లు.

బడ్జెట్‌లో చిన్న సవరణ. పదిహేను వేలు హెడ్‌ఫోన్స్‌కి. వాటికి కావాల్సిన చిన్న ఆంప్లిఫయరు వేరే పద్దు.

ఫిబ్రవరి 9

గడువు ఇవాళ్టితో సరి. ఆర్డర్ పెట్టేశాను! పద్దెనిమిది వేల చిల్లర. చిల్లర ఎంతన్నది డైరీకి అనవసరం.

ఫిబ్రవరి 12

వచ్చాయి!!

మన లైన్లో కొత్త సామాను ఏదొచ్చినా పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే ప్లగ్గు పెట్టేది. మా నాన్న నాటి నుంచీ అంతే. హెడ్‌ఫోన్స్‌కీ రెండు చెవులకీ రెండు బొట్లు పెట్టాను. హారతిచ్చాను. మనోజ్ఞ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

పాత పాటలు నాలుగు విన్నాను. అబ్బ! తబలా మీద వేలి గోరు తగలడం కూడా వినిపించింది. పాడేవాళ్ళు నా పక్కనే కూర్చున్నట్టుంది. ఇన్నేళ్ళూ నేను విన్నది పాటలు కాదు, గుద్దులు.

రేపు నా పాట. ఎప్పుడు తెల్లవారుతుందా అని ఉంది.

ఫిబ్రవరి 13

పీసు డిఫెక్ట్.

పొద్దున్నే పాట రికార్డు చేసి, పెట్టుకుని విన్నాను. ఎవడో పాడుతున్నాడు. గొంతు నాదే, మాటలు నావే. కానీ శ్రుతి ఒక దారిన పోతుంటే వాడు ఇంకో దారిన పోతున్నాడు. పల్లవిలో ఒకసారి దగ్గరికొచ్చాడు. పలకరించి మళ్ళీ వెళ్ళిపోయాడు.

కంగారు పడక్కర్లేదు. నెట్‌లో చూశాను. కొత్త హెడ్‌ఫోన్స్‌ని కొన్ని రోజులు వదలకుండా మోగిస్తే గానీ దారికి రావట. పాట పెట్టి బియ్యం డబ్బాలో దాచాను, చప్పుడు బయటికి రాకుండా.

ఫిబ్రవరి 14

మనోజ్ఞ అన్నానికి బియ్యం తియ్యబోయి కెవ్వున అరిచింది. డబ్బాలోంచి ఎవరో పాడుతున్నారట. చెప్పడం మర్చిపోయాను, తప్పు నాదే.

ఫిబ్రవరి 16

మోగించాను. విన్నాను. వాడు మారలేదు.

తిప్పి పంపేద్దామని రిటర్న్ పెట్టాను. కొరియర్ అతను వచ్చి పెట్టె తెరిచాడు.

“బొట్టు పెట్టిన మాలు వెనక్కి తీసుకోరండి.”

“దేవుడికి చూపిస్తే తప్పా?”

“తప్పని కాదండీ. వాడేసినట్టు లెక్క.”

పసుపు ఎంత తుడిచినా మెత్త మీంచి పోలేదు. సింధూరకి ఫోన్ చేసి దులిపేశాను.

“మిగతావాళ్ళ పాటలు బాగున్నాయా మావయ్యా?”

“బ్రహ్మాండంగా ఉన్నాయి.”

“మీ పాట ఒక్కటే తేడాగా ఉందా?”

“అదే కదమ్మా చెప్తున్నా! లోపం నా పాటకే వస్తోంది.”

“క్లాసుంది మావయ్యా, మళ్ళీ చేస్తా” అని పెట్టేసింది. కోపమొచ్చింది. ‘నీ న్యూట్రల్ నువ్వే పెట్టుకో తల్లీ’ అని చీటీ రాసి, ఆ పెట్టె ఆ పిల్లకే కొరియర్ చేశాను.

ఫిబ్రవరి 20

ఇంకో కంపెనీవి తెప్పించాను. ఇరవై ఆరు వేలు. ఇంట్లో పదకొండని చెప్పాను. బొట్టు పెట్టలేదు. దేవుడు అర్థం చేసుకుంటాడు.

రాత్రి ఒంటిగంటకి విన్నాను. వాడే! ఈసారి ఇంకా స్పష్టంగా ఉన్నాడు. ఎక్కడ ఊపిరి తీస్తున్నాడో, ఎక్కడ భయపడుతున్నాడో కూడా వినిపిస్తోంది. శ్రుతి మాత్రం వాడి వంక చూడను కూడా చూడట్లేదు.

రెండు కంపెనీలకీ సరుకు ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తూండాలి. అదీ సంగతి.

ఫిబ్రవరి 22

మూఢం వెళ్ళింది. గరికపాడులో పెళ్ళి. సెట్టు వేసి, మైకు టెస్ట్ చేసి, ఊరుకున్నాను. ఎందుకో నోరు రాలేదు. పెళ్ళికూతురి తల్లి భారతీదేవి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

“ఏందన్నా, పాట లేదా ఇయ్యాల?”

ప్రాణం లేచొచ్చింది. “గొంతు బాలేదమ్మా. నా పాటంటే మీకంత ఇష్టమా?”

“ఇష్టమని కాదన్నా. సెట్టుతోపాటే పాట వస్తది గదా. బేరమప్పుడే మా ఆయన అడుగుదామనుకున్నడు, పాట వద్దంటే ఏమన్న తగ్గిస్తరా అని. మొహమాటపడ్డడు.” కొంగు సర్దుకుని అటూ ఇటూ చూసింది. “ఇప్పుడెట్టాగూ లేదు గదా. ఎంత తగ్గిస్తవ్?”

ఐదొందలు తగ్గించాను.

ఇన్నేళ్ళ చప్పట్లూ గుర్తొచ్చాయి. పాడినందుకు కాదన్నమాట, ఆపినందుకు.

ఫిబ్రవరి 23

తిండి సయించలేదు. మధ్యాహ్నం మనోజ్ఞని కూర్చోబెట్టి అడిగేశాను.

“నిజం చెప్పు. నాకు శ్రుతి లేదా?”

“లేదండీ.”

తడుముకోలేదు. కూరగాయలు తరుగుతూనే చెప్పింది.

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? నువ్వైనా చెప్పాలి కదా! ఊరంతా నవ్వుతుంటే నేను మైకు పట్టుకుని ఊగుతున్నాను.”

“మీరెప్పుడడిగారు? పాడాక ‘ఎలా ఉంది’ అని ఒక్కనాడైనా అన్నారా? ‘అదిరింది కదా’ అంటారు. దానికి ‘ఆ’ అనక ఏం చేస్తాం?”

“మరి మీ నాన్నగారు కళ్ళు మూసుకుని వింటారే! లీనమైపోతున్నారనుకున్నా.”

“లీనమా పాడా! ఓర్చుకోడం అది.”

ఏడుపొచ్చింది. డైరీలో అబద్ధం ఎందుకు, ఏడ్చాను. మనోజ్ఞ కత్తిపీట పక్కకి నెట్టి నా దగ్గరకొచ్చింది. “పాడితే మీ మొహం వెలిగిపోతుందండీ. అది చూసే ఊరుకున్నా. మానేయమని ఇప్పుడు మాత్రం ఎవరన్నారు?” అంది.

నేనే అన్నాను. రెండో జత తిప్పి పంపేశాను. బొట్టు లేదు కాబట్టి తీసుకున్నారు. రికార్డింగు చెరిపేశాను. తీర్మానం రద్దు. హెడ్‌ఫోన్స్ వద్దు, పాటా వద్దు. మామగారి ఫంక్షన్‌లో నోరు మూసుకుని బాక్సులు చూసుకుంటాను.

మార్చి 1, సాయంత్రం, నందిగామ

ఇంటికెళ్ళేదాకా ఆగలేను, ఇక్కడే రాసేస్తాను.

సెట్టు నేనే వేశాను. ఎకో సున్నా. బేస్ సగానికి. “ఏంటి, ఇవాళ బాక్సుల్లో దమ్ము లేదు” అన్నారు చుట్టాలు. హోమం అయింది, అక్షింతలు అయ్యాయి. భోజనాలకి లేవబోతుంటే మామగారు కుర్చీలోంచి పిలిచారు.

“అల్లుడుగారూ, పాట ఏదీ?”

హాలంతా నా వైపు తిరిగింది. దగ్గరికెళ్ళి చెవిలో చెప్పాను. “వద్దు మావయ్యగారూ. నాకు శ్రుతి నిలవదు. ఈమధ్యే తెలిసింది.”

“ఇప్పుడా తెలిసింది?”

“హెడ్‌ఫోన్స్ కొన్నానండి.”

ఆయనకేం అర్థమైందో తెలియదు. “ఆ గుయ్యిమనేదేదో పెడతారే, అది తీసేసి పాడండి. ఎక్కడ తప్పిపోతున్నారో నేను చెప్తా. ఇన్నాళ్ళూ ఆ రొదలో తప్పు ఎక్కడుందో నాకే దొరికి చావలేదు. ఏమని చెప్పను?”

పాడాను. మొదటి మాటకే చెయ్యెత్తారు. “ఆగండి.” మైకు లాక్కుని, ఎనభై దాటిన గొంతుతో ఆ మాట ఆయన పట్టి చూపించారు. సన్నగా, వణుకుతూ, కానీ చోటు తప్పకుండా. మళ్ళీ పాడాను. “పైకెళ్ళారు.” మళ్ళీ. “ఇప్పుడు కిందకి పోయారు.” పిల్లలు పకపకా నవ్వారు. పెద్దాళ్ళు నవ్వు దాచుకోలేక ఇస్తరాకుల వైపు నడిచారు. పట్టు లాల్చీ వీపుకి అతుక్కుపోయింది. పారిపోదామనుకున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకునే ఉన్నారు.

ఎన్నోసారో తెలియదు. పల్లవిలో మొదటి లైను ఆయనతోపాటు పాడుతుంటే, నా గొంతు వెళ్ళి ఆయన గొంతు మీద కూర్చుంది. కదల్లేదు. లైను చివరిదాకా కదల్లేదు! నాకే తెలిసింది.

“ఆ. ఇది బాగుంది” అన్నారు మామగారు.

మైకులో అన్నారు. హాలంతా విన్నది. రెండో లైను ఎత్తుకోబోతే, “చాలు, అందరికీ ఆకలేస్తోంది” అని మైకు కింద పెట్టేశారు. నేను బాక్సు వెనక్కి వెళ్ళి కండువాతో మొహం తుడుచుకున్నాను. మనోజ్ఞ వచ్చి పక్కన నిలబడింది.

మార్చి 2

మిక్సర్ దగ్గరున్న మా ఆపరేటర్ వెస్లీ నిన్నటిదంతా రికార్డు చేశాడట. పొద్దున్న ఆ లైను ఫోన్‌లో విన్నాను. కారులో విన్నాను. గోడౌన్‌లో పెద్ద బాక్సుల్లో విన్నాను. ఒకచోట నిలబడినట్టుంది, ఒకచోట లేనట్టుంది. నిజంగా కుదిరిందా? లేక పండగ పూట పెద్దాయన జాలిపడ్డారా? ఉండబట్టలేక ఫోన్ చేశాను.

“మావయ్యగారూ, నిన్న ఆ లైను...”

“బాగుందన్నానుగా! అదొక్కటే బాగుంది. మిగతా పాట ఎప్పుడొచ్చి నేర్చుకుంటారు?”

ప్రతి మంగళవారం వస్తానన్నాను. పెట్టేసి మళ్ళీ విన్నాను. ఊహూఁ, నమ్మకం కుదరట్లేదు. ఆయన మాట కాదు, నా చెవులతో నేను వినాలి, ఉన్నదున్నట్టు. మంగళవారం ఆయన ఎదుట కూర్చునే లోపు.

సింధూరని ఆ మొదటి జత వెనక్కి అడగడానికి మొహం చెల్లదు. కాబట్టి:

తీర్మానం! (ఎర్ర ఇంకు.)

న్యూట్రల్ హెడ్‌ఫోన్స్. బడ్జెట్ పదిహేను వేలు, పైన ఒక్క రూపాయి కూడా కాదు. ఈసారి సమీక్షలు చదవను, ఎవర్నీ అడగను, ఇవాళే ఆర్డర్ పెట్టేస్తాను.

ముందు ఒక్క గ్రాఫు చూసి. ఒక్కటే.