మొహమాటానికి సున్నా

అమ్మా, ప్రభువు దయవల్ల క్షేమమే, కానీ ఒళ్లు మండిపోతోంది.

నర్సింగులో నా పీహెచ్‌డీ ఆపరేషనయిన వాళ్ల నొప్పి మీదని తెలుసుగా. మంచం పక్కన ప్రార్థన చేసి, సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంతని అడిగి రాసుకుంటాను. నిన్న ఒక పెద్దావిడ పళ్లు బిగబట్టుకుని, "నువ్వింత ప్రార్థన చేశాక నొప్పంటే ఏం బాగుంటుంది తల్లీ, సున్నా వేసుకో" అంది! బైబిల్లో ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న భక్తుడు దేవుడి ముందే గగ్గోలు పెట్టాడే, నా దగ్గర ఈవిడకేం మొహమాటం? ఆదివారం చర్చిలో దీని మీదే వాక్యం చెప్తాను.

మా గైడు మేడం విని, "ఇప్పటిదాకా రాసినవేవీ చెల్లవు. ప్రార్థనో, ప్రశ్నో, ఒకటే చెయ్యి" అన్నారు. సింహాల గుహలో వేస్తామన్నా ప్రార్థన మాననివాడి కథ చదివినదాన్ని, నేను మానతానా? ఇకనుంచి ప్రశ్న వేరే నర్సు అడుగుతుంది. పని మళ్లీ మొదటికొచ్చింది. పాపను ఇంకో ఆర్నెల్లు నువ్వే చూసుకోవాలమ్మా. దాని దగ్గు తగ్గిందా?

నాన్న మోకాలు "బాగానే ఉందట" అని మాత్రం రాయకు. నేను బెంగపడతానని ఆయన అలాగే అంటాడు. ఆయన మెట్లెక్కుతుంటే మొహం చూసి రాయి.

మీ గుమ్మానికి ప్రభువే కాపలా ఉండుగాక.

నీ పెద్దది