గోడలో కొవ్వు ముక్క

మొగుళ్లపల్లి

కల్పన బిడ్డకు పెద్దబాపు ఎర్రయ్య దీవెనలు.

ఫోన్ చేయక ఉత్తరమేమిటి అనుకోకు. ఫోన్‌లో మాట్లాడితే గోడ అవతల మీ బాపుకు వినిపిస్తుంది. నీకు డాక్టర్ పట్టా ఇస్తున్నారని ఊరంతా చెప్పాను. మన ఇంట్లో ఇంత చదువు ఎవరు చదివారు! కానీ పొలం గట్టు తగాదాతో నడివాకిట్లో గోడ కట్టిన తమ్ముడి పక్కన నేను కూర్చోను. పట్టా ఇచ్చే రోజు వాడొస్తే నేను రాను.

ఇట్లు,
పెద్దబాపు

తా.క.: ఇంతకీ నువ్వు చదివింది ఏమిటి? అడిగినవాళ్లకు "శానా పెద్ద సదువు" అని తప్పించుకుంటున్నా.

---

హైదరాబాద్

పెద్దబాపుకు దండాలు.

బాపు కూడా అదే మాట. మీరిద్దరూ లేకపోతే నాకా పట్టా ఎందుకు?

నా చదువు చెప్తా విను. కణానికి కొవ్వు గోడ ఉంటుంది. బయటి కబురు గోడ దాటదు, తాకి ఆగుతుంది. అప్పుడు గోడలోని కొవ్వు ముక్క ఒకటి రెండుగా తెగుతుంది. ఒక సగం గోడలోనే ఉంటుంది. ఇంకో సగం లోపలికి ఉరికి, దాచిపెట్టిన కాల్షియాన్ని విడిపిస్తుంది. దాంతో కణం మేల్కొంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే.

నీ బిడ్డ,
కల్పన

---

మొగుళ్లపల్లి

తెలివిగల బిడ్డకు దీవెనలు.

ఏం చదువమ్మా! పెద్దవాళ్లకు నేరుగా చెప్పకుండా ఎంత మర్యాదగా దారి చూపించావు! ఉత్తరం అందగానే గోడలో ఇటుక పీకాను. యాట మాంసంలోని కొవ్వు రెండు ముక్కలు కోశాను. సగం బొక్కలో పెట్టాను, సగం అవతలికి తోశాను.

ఇట్లు,
పెద్దబాపు

తా.క.: ఆ సగం మీ బాపు పిల్లి తిన్నది. పిల్లి మేల్కొంది, మీ బాపు మేల్కోలేదు. కాల్షియం అంటే ఏంది?

---

హైదరాబాద్

పెద్దబాపూ, దండాలు!

నేను రాసింది మన గోడ గురించి కాదు! కంటికి కనిపించని కణం గోడ గురించి. "మీ పెద్దబాపు నా గోడకు బొక్క కొట్టిండు, పంచాయితీ పెడ్త" అని బాపు ఫోన్‌లో మండిపడుతున్నాడు. దయచేసి ఇటుక పెట్టెయ్.

పరేషాన్‌లో,
కల్పన

తా.క.: కాల్షియం అంటే కొత్తదేమీ కాదు. నువ్వు తంబాకులో కలుపుకునే సున్నంలో ఉండేదే.

---

మొగుళ్లపల్లి

కల్పన బిడ్డకు వెయ్యి దీవెనలు.

నువ్వు చెప్పినట్టే మట్టి కలిపి, ఇటుక పట్టుకుని పోయాను. పెట్టబోతుంటే బొక్కలోంచి ఒక చేయి వచ్చింది.

"అన్నా, తంబాకులకు జర సున్నమున్నదా?"

గోడ కట్టిన నాటి నుంచి వాడి నోట "అన్నా" వినలేదు బిడ్డా. ఏడుపొచ్చింది. డబ్బీ మొత్తం ఆ చేతిలో పెట్టాను. ఆ ఇటుక మీదే నేను, గోడ అవతల వాడు కూర్చుని చీకటిపడేదాకా మాట్లాడుకున్నాం. పట్టా రోజు ఇద్దరం ఒకే బస్సులో వస్తున్నాం. నీ చదువు గట్టిది.

ఇట్లు,
మీ బాపు అన్న

తా.క.: మీ సార్లకు చెప్పకు గానీ, బొక్కలోంచి మీ బాపు ఇంకో చేయి కూడా కనిపించింది. అందులో వాడి సున్నం డబ్బీ ఉంది, నిండుగా. నేను చూడనట్టే ఉన్నాను.