ఆరో వాద్యగాడు

లోయాంగ్, తవ్వకాల శిబిరం

తమ్ముడు యుంగ్‌షెంగ్‌కు అన్న దీవెనలు. నేను క్షేమం, కంగారు పడవద్దు.

ఇక్కడ ఒక పాత సమాధిలో మట్టి వాద్యగాళ్ళు ఐదుగురు దొరికారు. నేను పొరపాటున రిజిస్టరులో ఆరుగురని వ్రాశాను; ముద్ర కూడా పడింది. దిద్దుకుంటానని విన్నవిస్తే మా అధికారి సూన్‌గారు, "ముద్ర పడ్డాక లెక్క తప్పని అనకూడదయ్యా. బొమ్మే తప్పిపోయింది, వెతికించు!" అని సెలవిచ్చారు. శిబిరంలో అందరూ నవ్వారు గానీ, తవ్వకం పనివాడు గెంగ్ తాత మాత్రం నవ్వలేదు. "కాగితం మీద పిలిచేశావు గదా నాయనా! మేళంలో ఒకడు తక్కువైతే వాళ్ళు బతికున్నవాణ్ణే రప్పించుకుంటారు" అన్నాడు. ఈ విశ్వాసానికి ప్రభుత్వ గుర్తింపు లేదు.

మొన్న సాయంత్రం సమాధి తలుపుకు సీలు వేసింది నేనే, నిన్న ఉదయం తెరిచిందీ నేనే. వరుస చివర ఆరోవాడు నిలబడి ఉన్నాడు. పిల్లనగ్రోవి ఊదుతున్నట్టు బుగ్గలు పూరించాడు, చేతులు మాత్రం ఖాళీ. ఎడమ చిటికెనవేలు సగమే ఉంది, గడ్డి కోతలో తెగిన నాన్న వేలులాగే. "చూశావా, నేను చెప్పలా!" అంటూ సూన్‌గారు రిజిస్టరు సరిపోయినందుకు నన్ను అభినందించారు.

నాన్న పిల్లనగ్రోవి అటక మీద దాచిపెట్టు. పెళ్ళికైనా చావుకైనా, మేళానికని ఎవరు వచ్చి పిలిచినా ఆయనను పంపవద్దు. అమ్మ దగ్గు తగ్గిందా? చలికాలానికి క్యాబేజీ ఊరవేశారా? జవాబు వెంటనే కావాలి. నువ్వు వ్రాయవద్దు, నాన్న చేతనే వ్రాయించు.

అమ్మకు నా నమస్కారాలు. నాన్నకు కూడా, ఇంట్లోనే ఉంటే.

నీ అన్న,
షౌచెన్