క్లచ్చు మీద ఎడమ కాలు

జూన్ 9, సోమవారం

ఎర్రది చూశాను. చూడకుండా ఉండాల్సింది.

అగ్రహారం రోడ్డులో బుజ్జి షెడ్డు. టర్బో ఇంజను, గేర్ల బండి, ఆరేళ్ల నాటిది, ఒక్కరే వాడారు. పక్కనే అదే మోడల్ తెల్లది, ఆటోమేటిక్. పాత కార్లు అమ్మేవాడిగా ఊళ్లో అందరితో ఎన్ని కబుర్లు చెప్పినా బుజ్జి నాతో మాత్రం నిజమే చెబుతాడు, ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. "టర్బో అంటే గేర్లే బావా. తెల్లది నువ్వు నడపక్కర్లేదు, అదే నిన్ను నడుపుద్ది" అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా మోపెడ్ మీద రొయ్యల చెరువుల గట్లు పట్టుకుని తిరుగుతున్నవాడిని. నలభై తొమ్మిది నిండబోతున్నాయి. వచ్చే నెల ఏడు నుంచి మా అమ్మాయి ప్రసన్నకి కాకినాడలో కాలేజీ. బస్సులో వేలాడక్కర్లేదు, రోజూ నేనే దించుతానని మాటిచ్చాను. దానికి ఇలాంటి కారే కావాలా అని మా ఆవిడ రత్నం అడిగింది. ఇలాంటిదే కావాలి. పాతికేళ్లప్పటి నుంచి కావాలి.

ఎర్రదే. ఇంకో మాట లేదు.

జూన్ 11, బుధవారం

అడవిపొలం. సత్తిబాబు చెరువులో మేత తట్ట పైకి లాగి చూశాం — పొద్దున వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్య తినడం మానేసింది. ఎన్నాళ్ల నుంచి అంటే నీళ్లు నములుతాడు. చివరికి నాలుగు రోజులన్నాడు. మొదటి రోజే చెప్పాలి కదా అని కడిగేశాను. వీళ్లందరిదీ ఇదే వరస. తెగులు వచ్చిందని పక్క చెరువువాడికి తెలిస్తే నామోషీ, రొయ్యల డాక్టరుకి తెలిస్తే తిట్లు. దాచి దాచి, చచ్చిన రొయ్య గట్టుకి కొట్టుకొచ్చాక నాకు ఫోన్ చేస్తారు.

తిరిగి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. "డాక్టరుగారూ, తమరి చెప్పొకటి ఇక్కడుండిపోయిందండి."

కిందకి చూసుకున్నాను. ఎడమ కాలికి చెప్పు లేదు. ఇరవై అడుగులు నడిచేశాను అప్పటికే… బురద లాగేసి ఉంటుంది.

జూన్ 12

బురదే.

జూన్ 15, ఆదివారం

ఫరంపేట చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాం. రత్నం నేల వంక చూస్తూ ఈ రక్తం ఎవరిదని అడిగింది. గుమ్మం నుంచి నా కుర్చీ దాకా చుక్కలు. ముగ్గురం ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నాం. నాదే. ఎడమ మడమలో నత్తగుల్ల ముక్క, గోరంత. నిన్న గట్టు మీద గుచ్చుకుని ఉంటుంది. దాని మీదే పాటలకు లేచాను, కూర్చున్నాను, అందరితో నిలబడి కబుర్లు చెప్పాను.

రత్నం పిన్నీసుతో తీసింది. నొప్పిగా లేదా అంది. కొంచెం ఉందన్నాను.

లేదు. అసలేమీ లేదు.

ఎనిమిదేళ్లుగా షుగరు బిళ్లలు మింగుతున్న మనిషి ఇలా చేస్తే ఎలా, రేపే కాకినాడ వెళ్లి చూపించుకోండి అంది. కారు రానీ, అందులోనే దర్జాగా వెళ్దాం అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

జూన్ 17

స్నానాల గది, తలుపు గడియ పెట్టి. చీపురు పుల్ల.

ఎడమ పాదం — వేళ్లు లేవు, అరికాలు లేదు, మడమ లేదు. చీలమండ దగ్గర మొదలవుతోంది నా కాలు.

కుడి పాదం — తెలుస్తోంది. తెలుస్తోందనే అనుకుంటున్నాను. పుల్ల తగలడం కళ్లతో చూస్తున్నాను కదా… కళ్లు మూసుకుని చేయాలి. చేయలేదు. భయం వేసింది.

జూన్ 21, శనివారం

ఎర్ర కారు నడిపాను.

ముందు మంచి రాస్తాను. యానాం వంతెన మీద మూడో గేరు. యాక్సిలరేటరు తొక్కితే ఒక్క క్షణం ఏమీ ఉండదు, వినలేదేమో అనిపిస్తుంది. అంతలో టర్బో అందుకుని సీటు వీపుని తోస్తుంది. కింద గోదావరి అంతా ఒక్క గీత. గట్టిగా నవ్వేశాను. పక్కన బుజ్జి కూడా. ఇరవై రెండేళ్ల మోపెడ్ ఒంట్లోంచి దిగిపోయింది.

తర్వాత వంతెన దిగువన. చేపల బుట్టతో ఒకామె రోడ్డు దాటుతోంది. దూరం బాగానే ఉంది. నెమ్మది చేశాను, క్లచ్చు తొక్కాను, గేరు తగ్గించబోయాను. గేరు కరకరమంది. బండి ఎగిరి ముందుకు దూకింది. బ్రేకు మీద నిలబడితే ఆగింది, ఆమె చీర కుచ్చెళ్లకి బెత్తెడు దూరంలో. బుట్ట కిందపడింది. బుజ్జి దిగి చేపలు ఏరి ఇచ్చాడు.

క్లచ్చు బిగుతుగా ఉందిరా అన్నాను. నా ఎడమ కాలు పెడల్ మీద లేదు. పక్కన, కింద పరిచిన పట్టా మీద ఉంది. తొక్కాననే ఇప్పటికీ నా ఒళ్లు చెబుతోంది.

జూన్ 22, ఆదివారం

బుజ్జి ఫోన్. క్లచ్చు విప్పించి చూపించాడట, వెన్నలా ఉందట.

"బండికేం లేదు. నీకేవైంది బావా?"

నిద్ర సరిగ్గా లేదన్నాను. పోనీ తెల్లది చూస్తావా అన్నాడు. రోజూ కాకినాడ ట్రాఫిక్కు కదా, ఆటోమేటిక్కే సుఖం అన్నాను. గేర్లు మార్చుకోలేనివాడికి స్పోర్ట్స్ కారెందుకని పదిమందిలో నవ్విన నోరే ఇది.

రత్నం మాత్రం సంతోషించింది. మీకిన్నాళ్లకి బుద్ధి వచ్చిందంది. ఆ సంతోషం చూడలేకపోయాను.

జూన్ 25, బుధవారం

తెల్లది. ఎడమ కాలికి పనే లేదు. దాన్ని సీటు కిందకి లాక్కుని కూర్చోవడమే. ఇంత తేలికా అనిపించింది. ఎందుకింత మనసు పాడుచేసుకున్నానో అని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

బ్రేకు మీద కాలు ఉంటేనే బటన్ నొక్కితే స్టార్టవుతుందని బుజ్జి చూపించాడు. మొదటిసారి కాలేదు. రెండోసారి అయింది. కొత్త కదా అన్నాడు.

మళ్లీ వంతెన. కాలు అలా ఆనించానంతే. యాభైలో ఉన్నాననుకున్నాను. బుజ్జి కబుర్లు ఆపేశాడు. చూస్తే తలుపు పైన పిడి పట్టుకుని ఉన్నాడు. సూది తొంభై అయిదు మీద ఉంది.

టర్బో కదా అన్నాను.

"ఆయ్, టర్బోయే" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

జూన్ 29, ఆదివారం

చర్చి నుంచి నేరుగా అడవిపొలం. సత్తిబాబు చెరువు అయిపోయింది. తెల్లగా గట్టు చుట్టూ రొయ్య. అంతకంటే పాపం, మందు పని చేయడం లేదని తెలిశాక కూడా నాకు చెప్పకుండా నీళ్లు కాలవలోకి వదిలాడు. అవే నీళ్లు కింద వాళ్ల తమ్ముడి చెరువు తాగింది. తమ్ముడు గట్టు మీద గొంతుక్కూచుని ఉన్నాడు, అన్న వైపు చూడటం లేదు.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఎందుకు దాచావయ్యా అన్నాను.

"చెబితే నీళ్లు ఆపెయ్యమంటారండి. ఆపలేకే చెప్పలేదండి."

ఇంటికి వచ్చి అన్నం తినలేదు.

జూలై 2

ఈ రోజు కాకినాడ వెళ్లాను. ఆస్పత్రికి కాదు, రొయ్యల మందుల కోసం. డాక్టరుకి చూపించుకున్నాను, నరాల బలహీనత, బిళ్లలు ఇచ్చారు, నడపడానికేం అభ్యంతరం లేదన్నారు — రత్నానికి ఈ నాలుగు ముక్కలూ వరసగా చెప్పాను. బీ కాంప్లెక్సు సీసా కూడా కొని తెచ్చాను, నమ్మకానికి.

నమ్మింది. సిగ్గుగా ఉంది.

జూలై 4

కళ్లు మూసుకుని రత్నాన్ని పుల్లతో తాకమంటే సరిపోయేది. అడగలేను. అడిగితే తెలిసిపోతుంది… ఆమెకా, నాకా.

జూలై 6, ఆదివారం

తెల్ల కారు ఇంటికొచ్చింది. ఆరాధన అయ్యాక పాస్టరుగారు వచ్చి బండికి ప్రార్థన చేశారు. బానెట్ మీద చెయ్యి పెట్టి, దీన్ని నడిపే చేతులను కాయుము, ఇందులో కూర్చునే బిడ్డను క్షేమంగా చేర్చుము అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. చేతుల కోసం అడిగారు, చేతులు బాగానే ఉన్నాయి.

ప్రసన్న ముందు సీటులో కూర్చుని పది ఫోటోలు తీసుకుంది. "నాన్నా, రేపటి నుంచి ఇది నా సీటు" అంది. దాని బ్యాగు అప్పుడే అందులో పెట్టేసింది.

కాకినాడ బస్సు ఏడింబావుకి ఉంది. ఈ విషయం ఇక్కడ ఎందుకు రాశానో.

జూలై 7, సోమవారం

కారులో కూర్చుని రాస్తున్నాను, స్టీరింగు మీద పెట్టి. ఏడయింది. ప్రసన్న లంచ్ బాక్సు మరిచిపోయి లోపలికి పరిగెత్తింది.

ఇందాక నేను ఇంట్లోంచి వచ్చి కూర్చున్నాక, అది వెనకే వచ్చి కారు తలుపు తీసింది. చేతిలో చెప్పు.

"నాన్నా, మెట్టు దగ్గరే వదిలేసి వచ్చేశావ్."

ఎడమదనుకున్నాను. అలవాటైపోయింది కదా. చెప్పు నేల మీద పెట్టి, వంగి, అదే నా కాలికి తొడిగింది చిన్నపిల్లాడికి తొడిగినట్టు. అప్పుడు చూశాను. కుడిది.

మెట్టు నుంచి కారు దాకా సిమెంటు చేశాం, మొన్న వేసవిలోనే. పొడిగా ఉంది. ఎక్కడా బురద లేదు.

అది లోపలికి వెళ్లాక బటన్ నొక్కాను. స్టార్టవలేదు. బ్రేకు మీద కాలు పెట్టమని ఎదురుగా మీటరు అద్దంలో అక్షరాలు వచ్చాయి. పెట్టాను. మళ్లీ అవే అక్షరాలు. పెట్టే ఉంచాను కదా… వంగి చూశాను. కొత్త పట్టా మీద ఉంది కాలు, పెడల్‌కి జానెడు ఇవతల.

కళ్లతో చూసుకుంటూ తీసి పెడల్ మీద పెట్టాను. ఇంజను మోగుతోంది. మెత్తగా, ఎంత బాగుందో.

బస్సు ఇంకా పోలేదు. వీధి చివర నిలబడితే ఎక్కించుకుంటాడు. ఒక్క మాట చెబితే చాలు.

బాక్సు పట్టుకుని వస్తోంది. రత్నం గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతోంది. ప్రసన్న తలుపు వేసుకుంది, బెల్టు పెట్టుకుంటోంది. ఏం రాస్తున్నావ్ నాన్నా అంటోంది.